కూలెంట్ మార్చాక ఐడ్లింగ్‌లో టెంపరేచర్ ఎక్కి దిగుతోందా? ఇలా చూసుకోండి

కూలెంట్ మార్చారు. ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా అలాగే ఐడ్లింగ్‌లో ఉంచారు. పదిహేను నిమిషాలకు టెంపరేచర్ ముల్లు రోజూ నిలబడే చోటు దాటి పైకి జరిగింది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే దిగింది, కాలు తీయగానే మళ్లీ ఎక్కింది. పని అంతా జాగ్రత్తగానే చేశాను కదా, ఇంజిన్‌కి ఏమైంది అని టెన్షన్ మొదలవుతుంది.

ఇక్కడే చాలామంది తొందరపడి థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) మార్చేస్తారు, లేదా కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు పోయిందని తేల్చేస్తారు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. నిన్నటిదాకా బాగా తిరిగిన పంపు సరిగ్గా కూలెంట్ మార్చిన రోజే పాడవడం అరుదు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య జరిగింది ఒకటే: లోపలున్న కూలెంట్ బయటికి వచ్చింది, ఆ ఖాళీలోకి గాలి దూరింది. కొత్త కూలెంట్ పోసినప్పుడు ఆ గాలి మొత్తం బయటికి రాకపోతే మీరు చూస్తున్న లక్షణాలన్నీ కనిపిస్తాయి. మెకానిక్‌లు దీన్నే ఎయిర్ లాక్ అంటారు. కాబట్టి ముందు అనుమానించాల్సింది గాలినే.

అలాగని ఐడ్లింగ్‌లో టెంపరేచర్ కదిలితే చాలు గాలి పట్టినట్టే అనుకోకూడదు. రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆగుతున్నంతసేపూ కొంత ఎక్కడం, కొంత దిగడం ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లోనూ ఉంటుంది. టెంపరేచర్ ఎంత ఉందన్న దానికన్నా అది ఏ తీరుగా కదులుతోందన్నది ఎక్కువ విషయం చెబుతుంది. ఆ తీరు చదవడం వస్తే అనవసరంగా ఏ పార్టూ మార్చక్కర్లేదు.

వేడి మీద మూత తీయకండి

మిగతా ఏది మరిచినా ఇది మరవకండి. సగం నీళ్లు, సగం కూలెంట్ ఉన్న మిశ్రమం మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత లోపల సుమారు 1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచడం వల్ల అది 125 డిగ్రీలు దాటినా మరగదు. అంటే 110 డిగ్రీల మీద ఉన్న కూలెంట్ కేవలం ఆ ఒత్తిడి వల్లే ద్రవంగా ఉంది. మీరు మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోతుంది, లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టి తీయడం రక్షణ కాదు. ఇంజిన్ ఆపి కనీసం ఒక గంట వదిలేయండి. తర్వాత రేడియేటర్ పై హోస్‌ను, అంటే పైన తగిలించిన రబ్బరు గొట్టాన్ని, చేత్తో పట్టుకుని చూడండి. చల్లగా ఉండి, నొక్కితే మెత్తగా లోపలికి పోతేనే మూత జోలికి వెళ్లండి.

ఇంకో సంగతి. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్ ఆపాక కూడా దానంతట అదే తిరగడం మొదలుపెట్టగలదు. చేతులు, చున్నీలు, వదులు చొక్కా చేతులు దాని దగ్గరికి పోనివ్వకండి.

ఐడ్లింగ్‌లోనే ఎందుకు?

ఎక్కువ కార్లలో వాటర్ పంపును ఇంజినే తిప్పుతుంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ 700 నుంచి 900 ఆర్‌పిఎం మధ్య తిరుగుతుంది కాబట్టి పంపు తోపుడు కూడా నెమ్మదే. పైగా కారు కదలడం లేదు, రేడియేటర్‌కు ఎదురుగాలి లేదు. చల్లబరిచే భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది. అందుకే రోడ్డు మీద దాక్కున్న లోపం ఐడ్లింగ్‌లో బయటపడుతుంది.

ఈ నెమ్మది ప్రవాహంలో గాలి బుడగ ఉందనుకోండి. గాలి పైకే పోతుంది కాబట్టి సిస్టమ్‌లో ఎత్తుగా ఉన్న చోట్లలో చేరుతుంది. హీటర్ కోర్ (క్యాబిన్‌కు వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్), థర్మోస్టాట్ హౌసింగ్, సిలిండర్ హెడ్‌లోని (ఇంజిన్ పై భాగంలోని) మూలలు దానికి ఇష్టమైన స్థలాలు. బలహీనంగా వచ్చే కూలెంట్ ఆ బుడగను నెట్టలేక పక్కనుంచి జారిపోతుంది, లేదా అక్కడే ఆగిపోతుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కగానే పంపు వేగం పెరిగి బుడగను కాస్త జరుపుతుంది. ముల్లు దిగుతుంది. కాలు తీస్తే బుడగ మళ్లీ పాత చోటికే వస్తుంది.

థర్మోస్టాట్ దగ్గర గాలి చేరితే ఇంకో చిక్కు. థర్మోస్టాట్ లోపల మైనం లాంటి పదార్థం ఉంటుంది. వేడి కూలెంట్ తగిలితే అది ఉబ్బి వాల్వ్‌ను తెరుస్తుంది. చుట్టూ గాలి ఉంటే ఆ వేడి సరిగ్గా అందదు. ఇంజిన్ మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది. ఆలస్యంగా వాల్వ్ తెరుచుకునేసరికి రేడియేటర్‌లోని చల్లటి కూలెంట్ గుప్పున వచ్చి టెంపరేచర్ దబ్బున పడిపోతుంది. మీకు మీటర్లో కనిపించిన పెద్ద ఎగుడుదిగుడు ఇదే కావచ్చు.

అన్నింటికంటే మోసం చేసేది టెంపరేచర్ సెన్సార్ దగ్గర చేరిన గాలి. సెన్సార్ తన చుట్టూ ఉన్నదాని వేడినే కొలుస్తుంది. కూలెంట్‌లో మునిగి ఉండాల్సింది గాలిలో ఉంటే అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది. ముల్లు కిందే ఉంది కదా అని ధైర్యపడే సమయంలో సిలిండర్ హెడ్ కాగిపోతూ ఉండొచ్చు. అందుకే ముల్లు ఒక్కదాన్నే నమ్మకండి. హీటర్ గాలిని, హోస్‌లను కూడా సాక్ష్యంగా తీసుకోండి.

ముందు టెంపరేచర్ తీరు చదవండి

చాలా కార్లలో డ్యాష్‌బోర్డు ముల్లు నిజం పూర్తిగా చెప్పదు. డ్రైవర్ కంగారు పడకుండా ఉండాలని సుమారు 80 నుంచి 105 డిగ్రీల దాకా ముల్లు మధ్యలోనే నిలిచేలా తయారుచేస్తారు. ఆ ముల్లు మధ్య దాటి కదిలిందంటే అప్పటికే విషయం ముదిరిందని అర్థం. కాబట్టి వీలైతే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) పెట్టి ఫోన్‌లో అంకె చూడండి. చిన్న పరికరమే, ఇలాంటి రోజున దాని విలువ తెలుస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, అరగంట పాటు ప్రతి నిమిషానికీ అంకె రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న సిస్టమ్‌లో టెంపరేచర్ తడబడకుండా ఎక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకునే చోట, అంటే చాలా ఇంజిన్లలో 82 నుంచి 95 డిగ్రీల మధ్య, కొంచెం ఆగినట్టు లేదా కొద్దిగా దిగినట్టు అనిపిస్తుంది. తర్వాత నిదానంగా పైకి వెళ్లి, ఎక్కువ కార్లలో 95 నుంచి 105 మధ్య ఫ్యాన్ తిరుగుతుంది. కొన్ని డిగ్రీలు దిగాక ఫ్యాన్ ఆగుతుంది. మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఊయల ఊగినట్టు ప్రతిసారీ దాదాపు అదే ఎత్తుకు ఎక్కి అదే లోతుకు దిగుతుంది. ఇలా ఉంటే మీ కారుకి ఏమీ కాలేదు. కొన్ని కొత్త ఇంజిన్లు కావాలనే 105 దాకా వేడిగా నడుస్తాయి, కాబట్టి మీ కారు మాన్యువల్‌లోని అంకెతో పోల్చుకోండి.

గాలి ఉంటే కదలిక ఇంత పద్ధతిగా ఉండదు. కొన్ని సెకన్లలోనే పది డిగ్రీలు ఎగరడం, అంతే వేగంగా పడటం, ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండకపోవడం దాని లక్షణాలు. యాక్సిలరేటర్ తొక్కితే దిగుతుంది. హీటర్ ఐడ్లింగ్‌లో చల్లగాలి ఇచ్చి, రేస్ చేసినప్పుడు వేడిగాలి ఇస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక కుండలోంచి నీళ్లు వంచుతున్నట్టు గడగడ శబ్దం వినిపిస్తుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే నేనైతే ఇంకేమీ వెతకను.

ఫ్యాన్ పాడైతే తీరు వేరు. అప్పుడు టెంపరేచర్ ఎగరదు, మొండిగా ఎక్కుతూనే పోతుంది. హీటర్ మాత్రం మొదటినుంచీ వేడిగాలే ఇస్తుంది. కారు వేగంగా నడిపితే ఎదురుగాలి తగిలి దిగుతుంది. దీన్ని తేల్చుకోవడం సులభం. ఏసీ ఆన్ చేయండి. చాలా కార్లలో ఏసీ వేయగానే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఫ్యాన్ కనెక్టర్ చూడండి. కూలెంట్ మార్చే హడావిడిలో కనెక్టర్ ఊడిపోయి ఉండటం కూడా జరుగుతుంది.

ఎంత తీశారు, ఎంత పోశారు?

నేను మొదటిసారి సొంతంగా కూలెంట్ మార్చినప్పుడు పాతదాన్ని కొలవకుండానే పక్కన పెట్టేశాను. కొత్తది మూతి దాకా నిండింది కాబట్టి సరిపోయిందనుకున్నాను. మూడు రోజులు ముల్లుతో కుస్తీ పట్టాక పాత డబ్బా గుర్తొచ్చి కొలిస్తే, తీసింది దాదాపు 5 లీటర్లు, పోసింది 3 లీటర్ల పైచిలుకు. మిగతా లీటరున్నర చోటంతా గాలే. ఆ రోజు నుంచి కొలత లేకుండా డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోలేదు.

కాబట్టి పాత కూలెంట్ ఇంకా ఉంటే కొలవండి. లేకపోతే మాన్యువల్‌లో మొత్తం ఎన్ని లీటర్లు పడుతుందో చూడండి. డ్రెయిన్ తీసినప్పుడు ఇంజిన్ బ్లాకులో కొంత మిగిలిపోతుంది కాబట్టి ఆ మొత్తం కంటే కాస్త తక్కువ పడితే కంగారు వద్దు. తీసినదానికీ పోసినదానికీ అర లీటరు పైన తేడా ఉంటే మాత్రం గాలి ఉందనే లెక్క.

ఏం పోశారన్నది కూడా చూడండి. సీసాలో ఉన్నది నేరుగా పోసే రెడీమిక్స్ కూలెంటా, లేక నీళ్లు కలపాల్సిన చిక్కటి కాన్సెంట్రేటా? చిక్కగా ఉంటే బాగా చల్లబరుస్తుందనుకుని కాన్సెంట్రేట్‌ను అలాగే పోసేవాళ్లు ఉన్నారు. జరిగేది తలకిందులు. దానిలోని ఇథిలీన్ గ్లైకాల్ అదే బరువున్న నీళ్లు మోసే వేడిలో మూడింట రెండు వంతులు కూడా మోయలేదు. గడ్డకట్టే విషయంలోనూ అంతే. గ్లైకాల్ ఒక్కటే అయితే మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మైనస్ 37 దాకా తట్టుకుంటుంది. రంగు చూసి కూలెంట్ ఎంచుకోకండి. ఏ రంగు ఏ రకమన్న నియమం కంపెనీలన్నిటికీ ఒకటి కాదు. మాన్యువల్ చెప్పిన స్పెసిఫికేషన్ సీసా మీద ఉందో లేదో చూసుకోండి.

గాలి తీసే పద్ధతి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. కూలెంట్ పోసే మూతి సిస్టమ్ మొత్తంలో ఎత్తైన చోటు కావాలి, ఎందుకంటే గాలి అటే రావాలి. చాలా కార్లకు ముందు చక్రాలు ర్యాంపు ఎక్కిస్తే, లేదా ఎత్తు వైపు ముఖం పెట్టి వాలులో ఆపితే సరిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేయండి, వెనక చక్రాలకు అడ్డం పెట్టండి, గేరు న్యూట్రల్‌లో లేదా పార్క్‌లో ఉంచండి. పొగ గొట్టం నుంచి వచ్చేది విషవాయువు కాబట్టి మూసి ఉన్న షెడ్డులో ఈ పని చేయకండి.

హీటర్ నాబ్‌ను పూర్తి వేడికి తిప్పండి, బ్లోయర్ తక్కువ స్పీడులో పెట్టండి, ఏసీ ఆపేయండి. హీటర్‌కు వాల్వ్ ఉన్న కార్లలో ఇలా చేస్తేనే కూలెంట్ హీటర్ కోర్ గుండా ప్రవహిస్తుంది. వాల్వ్ లేని కార్లలో కూడా ఇలాగే పెట్టండి, హీటర్ గాలి ఎంత వేడిగా వస్తోందన్నది మీకు మంచి కొలమానం అవుతుంది.

ఇప్పుడు కూలెంట్‌ను సన్నటి ధారగా పోయండి. గబగబా పోస్తే గాలి బయటికి వచ్చే దారిని మీరే మూసేస్తారు. మధ్యమధ్యలో ఆగి పై హోస్‌ను, కింది హోస్‌ను చేత్తో పిసకండి. బుడగలు లేచి మట్టం దిగుతుంది. మళ్లీ పోయండి. మూతికి బిగుతుగా పట్టే పెద్ద గరాటు ఉంటే ఇంకా మంచిది. గరాటులో కూలెంట్ ఎత్తుగా నిలబడటం వల్ల గాలి పైకి రావడం తేలికవుతుంది, ఎంత దిగిందో కూడా కంటికి కనిపిస్తుంది.

మీ ఇంజిన్‌కు గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ ఉందేమో మాన్యువల్‌లో చూడండి. ఎక్కువగా థర్మోస్టాట్ హౌసింగ్ మీదో, హీటర్ హోస్ మీదో ఉంటుంది. ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేసి, కూలెంట్ పోస్తూ ఉండండి. ముందు బుస్సుమని గాలి, తర్వాత బుడగలతో కలిసి కూలెంట్, చివరికి బుడగ లేని ధార వస్తుంది. అప్పుడు బిగించండి, కానీ బలమంతా పెట్టకండి. ప్లాస్టిక్ స్క్రూలు పుటుక్కున విరుగుతాయి.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయండి. మూత తీసి ఉంచి గాలి తీయాలా, మూత బిగించి తీయాలా అన్నది కారును బట్టి మారుతుంది. మాన్యువల్ ఎలా చెబితే అలా. మూత తీసి చేసేటప్పుడు లోపల ఒత్తిడి ఉండదు కాబట్టి ముందు చెప్పిన 107 డిగ్రీలే మీ హద్దు, ఆ దరిదాపులకు పోనివ్వకండి.

ఐడ్లింగ్‌లో పది నిమిషాలు ఉంచి, తర్వాత ఇంజిన్‌ను 1500 నుంచి 2000 ఆర్‌పిఎం మధ్య ఒక నిమిషం పట్టి ఉంచండి. మళ్లీ వదలండి. ఇలా నాలుగైదు సార్లు చేయండి. మట్టం దిగినప్పుడల్లా పోస్తూ ఉండండి, మూతి ఖాళీ అయితే మళ్లీ గాలి పీల్చుకుంటుంది.

మీరు ఎదురుచూడాల్సింది థర్మోస్టాట్ తెరుచుకునే క్షణం కోసం. అప్పటిదాకా రేడియేటర్ హోస్‌లలో ఒకటి వేడిగా, ఇంకొకటి చల్లగా ఉంటుంది. థర్మోస్టాట్ తెరుచుకోగానే చల్లగా ఉన్నది కూడా వేడెక్కుతుంది, మూతి దగ్గర మట్టం ఒక్కసారిగా దిగుతుంది, పెద్ద పెద్ద బుడగలు వస్తాయి. ఆ బుడగల కోసమే ఇంత శ్రమ. కంగారుపడి ఇంజిన్ ఆపకుండా మట్టం సరిచేయండి. అదే కూలెంట్ మరుగుతూ గరాటులోంచి పొంగి వస్తుంటే మాత్రం దూరంగా జరిగి ఇంజిన్ ఆపేయండి.

ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచండి. ఆ సమయానికి బుడగలు ఆగిపోయి, హీటర్ ఐడ్లింగ్‌లో కూడా నిలకడగా వేడిగాలి ఇస్తుంటే పని దారిలో పడినట్టే. ఇంజిన్ ఆపి రాత్రంతా వదిలేయండి. చల్లారేటప్పుడు కూలెంట్ కుంచించుకుని, రిజర్వ్ ట్యాంకు ఉన్న కార్లలో అక్కడి నుంచి కొంత లోపలికి లాక్కుంటుంది. పొద్దున్నే మూత తీసి మట్టం చూసి నింపండి, ట్యాంకులో కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉంచండి. మొదటి రెండు మూడు రోజులు ఇలా కొంచెం కొంచెం దిగడం సహజం. వారం తర్వాత కూడా దిగుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది.

పొడవాటి వ్యాన్లు, వెనక సీట్లకు కూడా హీటర్ పైపులు ఉన్నవి, ఎలక్ట్రిక్ వాటర్ పంపు ఉన్నవి ఈ పద్ధతికి లొంగకపోవచ్చు. ఎలక్ట్రిక్ పంపు ఉన్న కొన్ని కార్లలో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పంపును మాత్రమే తిప్పి గాలి తీసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. మిగతా వాటిని వ్యాక్యూమ్ ఫిల్లర్ ఉన్న వర్క్‌షాపుకు తీసుకెళ్లడం మేలు. ఆ పరికరం ముందు లోపలి గాలినంతా పీల్చేసి, ఆ ఖాళీలోకి కూలెంట్ దానంతట అదే వెళ్లేలా చేస్తుంది. పీల్చాక గేజి ముల్లు నిలబడకుండా పడిపోతే ఎక్కడో లీకు ఉందని కూడా అప్పుడే తెలిసిపోతుంది.

రెండుసార్లు చేసినా మారకపోతే

ముందు మూత చూడండి. దాని రబ్బరు పగిలినా, స్ప్రింగు బలహీనపడినా ఒత్తిడి నిలవదు, కూలెంట్ త్వరగా మరుగుతుంది. రేడియేటర్ ముందు ఆకులు, దుమ్ము పేరుకున్నాయేమో చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కినా రెండో హోస్ చల్లగానే ఉండిపోతే అప్పుడు థర్మోస్టాట్‌ను అనుమానించండి.

బుడగలు ఎంతసేపటికీ ఆగకపోతే విషయం పెద్దది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడటం, బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గడం, ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా రావడం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందనడానికి గుర్తులు. సిలిండర్‌లో మండిన గ్యాసు కూలెంట్‌లోకి దూరుతోందన్నమాట. దీన్ని తేల్చే పరీక్ష సులభమే. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని నీలి రంగు ద్రవం గుండా పంపుతారు. మండిన గ్యాసు ఉంటే పెట్రోల్ ఇంజిన్‌లో ఆ నీలం పసుపుగా మారుతుంది. ఈ పరీక్ష చేయించకుండా పదే పదే గాలి తీస్తూ కూర్చోకండి, ఆలస్యం చేసేకొద్దీ హెడ్ వంగే ప్రమాదం పెరుగుతుంది.

టెస్ట్ డ్రైవ్ కూడా ఇంటికి దగ్గరలోనే చేయండి. దారిలో ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేయండి. వేడిగాలి వస్తుంటే కాస్త వేడి బయటికి పోతున్నట్టు, ఆ సమయంలో పక్కకు తీసి ఆపుకోవచ్చు. ముల్లు పైన ఉండి హీటర్ ఉన్నట్టుండి చల్లగాలి ఇస్తే కూలెంట్ తిరగడం లేదు, వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. కాగిపోయిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోయకండి, లోహం పగులుతుంది.

తీసిన పాత కూలెంట్‌ను కాలువలోనో, మట్టిలోనో పారబోయకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్దిపాటి గ్లైకాల్ కూడా వాటి మూత్రపిండాలను పాడుచేసి చంపేస్తుంది, చిన్నపిల్లలకూ అంతే ప్రమాదం. నేల మీద ఒలికిన చుక్కలను వెంటనే నీళ్లతో కడిగి తుడవండి. మిగిలినదాన్ని మూత బిగుతుగా పట్టే డబ్బాలో పోసి, మీద పేరు రాసి, వాడేసిన ఆయిల్, కూలెంట్ తీసుకునే చోట అప్పగించండి.